సైలెన్సర్ దగ్గర మసి కనబడితే కార్బరేటర్ ముట్టుకోకండి

చెట్లు కోసే మిషన్ సౌండ్ మారిందని ఎవరైనా పట్టుకొస్తే, మా వైపు చాలామంది మెకానిక్కుల చెయ్యి ముందు కార్బరేటర్ స్క్రూ మీదకి పోతుంది. పావు చుట్టు అటు, అర చుట్టు ఇటు తిప్పి, రెండుసార్లు రేజ్ చేసి, "అయిపోయింది, పట్టుకుపో" అంటారు. సైలెన్సర్ వైపు చూసేవాళ్లు తక్కువ. చూసి, అక్కడ బోల్టు వదులైందని తెలిసినా ఎర్ర పేస్టు మందంగా పూసి బిగించి పంపేస్తారు. ఈ రెండు పద్ధతులూ ఆగాలని నా వాదన. సైలెన్సర్ లీకు సౌండుకి సంబంధించిన చిన్న తేడా కాదు. అది వేడికి, నిప్పుకి, కోసేవాడు పీల్చే పొగకి సంబంధించిన విషయం. దాన్ని కళ్లతో చూసి, చోటు తేల్చుకుని బాగుచెయ్యాలి, చెవితో విని స్క్రూ తిప్పి కాదు.

నాది శ్రీకాకుళం జిల్లా సోంపేటలో చిన్న షెడ్డు. పంపు ఇంజన్లు, మందు కొట్టే స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు, చైన్ సాలు, ఏవి వస్తే అవి చేస్తాను. ఉద్దానంలో చైన్ సా ఇంత మామూలు వస్తువు అవ్వడానికి కారణం ఇక్కడ అందరికీ తెలుసు. 2018 అక్టోబరు 11న తెల్లారగట్ల తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి కొబ్బరితోటలు, జీడితోటలు, పనస చెట్లు నేలమీద ఉన్నాయి. దారులు తెరవాలన్నా, ఇంటి మీద పడ్డ మాను తియ్యాలన్నా గొడ్డలితో అయ్యే పని కాదు. అప్పుడు చాలామంది దొరికిన మిషన్ కొనేశారు. పేరున్న కంపెనీవి కొందరు, 52 సీసీ, 58 సీసీ అని అట్టపెట్టె మీద రాసి ఉండే చవక మిషన్లు చాలామంది. తుఫాను చెత్త తీరాక ఆ మిషన్లే సరుగుడు కోతకి, జీడి కొమ్మల నరుకుడికి, పొయ్యి కర్రలకి కూలి సాధనాలయ్యాయి. ఇప్పుడవి పాతబడ్డాయి. పాత మిషన్లో ముందు వదులయ్యేది సైలెన్సరే.

ఎందుకు అదే ముందు? చైన్ సా ఇంజన్ టూ స్ట్రోక్. క్రాంకు తిరిగిన ప్రతి చుట్టుకీ ఒకసారి మంట, ఒకసారి పొగ బయటికి. కోతలో నిమిషానికి పదివేల చుట్లు తిరిగే ఇంజన్ అయితే సెకనుకి నూట అరవై పైచిలుకు సార్లు సైలెన్సర్ లోపల దెబ్బ పడుతుంది. ఆ సైలెన్సర్ ఆనుకుని ఉండేది ఒక పల్చటి ప్యాకింగ్ (అతుకులో సందు లేకుండా మధ్యలో పెట్టే పొర) మీద, చాలా మిషన్లకి రెండే రెండు బోల్టులతో. సిలిండర్ అల్యూమినియం, బోల్టు ఉక్కు. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. రోజూ కాగడం, చల్లారడం, ఆ అదురు. ఎంత బాగా బిగించినా కొన్నాళ్లకి పట్టు సడలుతుంది. ఇందులో వాడినవాడి తప్పేమీ లేదు. అందుకే చైనుకి పదును పెట్టినట్టే ఈ రెండు బోల్టులనీ మధ్యమధ్యలో చూసుకోవాలి. పదును సంగతి ప్రతి కోతగాడికీ తెలుసు, బోల్టుల సంగతి ఎవరూ చెప్పలేదు.

సరుగుడు కోతకి వెళ్లే ఒకాయన నాతో అన్న మాట ఇది: "సౌండే కదా బావా, కోతకేటి నష్టం? మిషన్ తిరుగుతోంది, ఒగ్గెయ్." ఆ మాటలో సగం నిజం ఉంది. అందుకే జవాబు జాగ్రత్తగా చెప్పాలి. బైకు రేసు ఇంజన్లలో పొగ గొట్టం పొడవు, ఆకారం లెక్కలు కట్టి పెడతారు, అక్కడ లీకు పడితే బలం పోతుంది. చైన్ సాకి ఉండేది డబ్బా సైలెన్సర్. దాని అంచున కొంచెం పొగ కారినంత మాత్రాన ఇంజన్ బలం పెద్దగా తగ్గదు. "లీకు వల్ల పవర్ పోయింది" అని ఎవరైనా చెప్తే వెంటనే నమ్మకండి. పవర్ నిజంగా తగ్గి ఉంటే ఎయిర్ ఫిల్టరో, సైలెన్సర్ జల్లెడ మూసుకుపోవడమో, పిస్టన్ గీతలు పడటమో, ఇంకో కారణం వెతకాలి.

మరి నష్టం ఎక్కడ? వేడి పోయే దారి మారడంలో ఉంది. కంపెనీవాడు పొగని ముందుకి, చేతులకీ ప్లాస్టిక్కుకీ దూరంగా పోయేట్టు కన్నం పెట్టాడు. సిలిండర్ పోర్టు దగ్గర, అంటే పొగ సిలిండర్‌లోంచి సైలెన్సర్‌లోకి వచ్చే కన్నం దగ్గర, ఆ పొగ వేడి ఐదారు వందల డిగ్రీల దాకా ఉంటుంది. ప్యాకింగ్ దగ్గర సందు పడితే అంత వేడి పొగ సన్నటి పాయలా పక్కకి కొడుతుంది. ఎదురుగా ఏముంటే అది కాలుతుంది. మూత ప్లాస్టిక్ అయితే ముందు రంగు మారి, తర్వాత మెత్తబడి లోపలికి వంగుతుంది. సిలిండర్ రెక్కల మీదకి కొడితే చల్లబడాల్సిన చోటే వేడెక్కుతుంది. ఆ వేడి ట్యాంకు వైపు, కార్బరేటర్ వైపు పాకితే పెట్రోలు పైపులోనే ఆవిరవుతుంది. అప్పుడు కాసేపు బాగా కోసి ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్టయ్యే రోగం మొదలవుతుంది. ఈ రోగంతో వచ్చిన మిషన్లకి ప్లగ్గుకి స్పార్కు ఇచ్చే కాయిల్ మార్చేసిన సందర్భాలు నేను చూశాను. కాయిల్‌ది ఏ పాపమూ లేదు.

నిప్పు సంగతి జీడితోట ఉన్నవాళ్లు శ్రద్ధగా వినాలి. సైలెన్సర్ బయటి కన్నం దగ్గర చాలా మిషన్లకి సన్నటి జల్లెడ ఉంటుంది. మండుతున్న మసి రవ్వలు బయట పడకుండా అది ఆపుతుంది. లీకు ప్యాకింగ్ దగ్గర ఉందంటే పొగ ఆ జల్లెడకి చేరకముందే బయటపడుతోందని అర్థం. రవ్వకి అడ్డు లేదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో జీడి చెట్ల కింద ఎండాకు పాదం మునిగేంత ఉంటుంది. సరుగుడు తోటలో అయితే నేలంతా ఎండిన పుల్లాకు పరుపే. అలాంటి చోట కోత మధ్యలో కాగిన మిషన్‌ని ఆకుల మీద పెట్టి బీడీ కోసం పక్కకి వెళ్తారు. లీకు లేని మిషన్‌ని కూడా అలా పెట్టకూడదు, లీకున్నదాన్ని ఆ తోటలోకే తీసుకెళ్లకూడదు.

ఇక పొగ. టూ స్ట్రోక్ ఇంజన్లో లోపలికి వచ్చిన పెట్రోలు, ఆయిలు కొంత మండకుండానే బయటికి పోతాయి. దానికి తోడు కార్బన్ మోనాక్సైడ్, రంగూ వాసనా లేని విషవాయువు. సైలెన్సర్‌కీ సిలిండర్‌కీ మధ్య అతుకు ముందు హ్యాండిల్‌కి దగ్గర్లోనే ఉంటుంది. అక్కడ కారే పొగ ఎడమచేతి మీదుగా నేరుగా మొహంలోకి లేస్తుంది. పొద్దంతా వంగి కోసి సాయంత్రానికి తలపోటు, వికారం అంటే ఎండదెబ్బ అనుకుంటాం. ఎండ కూడా కారణమే కావచ్చు. కానీ మిషన్ అతుకు నల్లగా ఉంటే ఎండని మాత్రమే తిట్టి ఊరుకోలేం. మిషన్ యజమాని ఒకరు, పట్టుకుని కోసేది ఇంకొకరు అయినప్పుడు ఈ లెక్క యజమానికి కనబడదు. తలపోటు ఆయనది కాదు కాబట్టి.

ఇప్పుడు కార్బరేటర్ స్క్రూ దగ్గరికి వద్దాం, నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. లీకుల్లో రెండు రకాలున్నాయి, వాటిని కలిపేస్తున్నాం. ఒకటి పొగ బయటికి కారడం. రెండోది ఇంజన్ లోపలికి దొంగగాలి పోవడం: కార్బరేటర్ వెనక రబ్బరు చీలినా, క్రాంకు సీళ్లు పోయినా, సిలిండర్ కింది ప్యాకింగ్ పోయినా. దొంగగాలి చేరితే పెట్రోలు పాలు తగ్గుతుంది, పెట్రోలుతో పాటు వచ్చే ఆయిలూ తగ్గుతుంది, పిస్టన్ ఎండిపోయి పట్టేస్తుంది. దాని గుర్తులు వేరు. ఎక్సిలేటర్ వదిలినా స్పీడు వెంటనే దిగదు, స్లోలో నిలకడ ఉండదు, మిషన్‌ని పక్కకి ఒంచితే స్పీడు మారుతుంది. సైలెన్సర్ లీకుకి ఇవేవీ ఉండవు. స్పీడు మామూలుగానే ఉంటుంది, సౌండ్ మాత్రం పగిలినట్టు, టపటపమని కొడుతుంది. స్టార్టింగులో చల్లగా ఉన్నప్పుడు ఒకలా, కాగాక ఇంకోలా వినిపించొచ్చు.

పగిలిన సౌండ్ విని హై స్క్రూ (ఫుల్ స్పీడులో పెట్రోలు ఎంత పోవాలో సెట్ చేసే కార్బరేటర్ స్క్రూ) లోపలికి తిప్పితే ఏమవుతుంది? పెట్రోలు తగ్గుతుంది, స్పీడు పెరుగుతుంది, గొంతు సన్నబడి "క్లీన్"గా వినిపిస్తుంది. తెచ్చినవాడికి సంతోషం, మెకానిక్కుకి డబ్బులు. లీకు అక్కడే ఉంది, పైగా ఇంజన్ ఇప్పుడు ఎండగా తిరుగుతోంది. సరిగ్గా సెట్ చేసిన చైన్ సా లోడు లేకుండా ఫుల్ రేజ్‌లో కొంచెం బొబొబొ అని గరగరలాడాలి, కర్రలో దించగానే ఆ గరగర పోయి నునుపుగా కొయ్యాలి. ఆ గరగరని జబ్బు అనుకుని స్క్రూ బిగించడం వల్ల ఎన్ని పిస్టన్లు పోయాయో లేత్ షాపుల వాళ్లని అడగండి. లీకు ఉందో లేదో తేల్చకుండా స్క్రూ తిప్పే హక్కు ఎవరికీ లేదంటాను నేను.

తేల్చడం కష్టమేమీ కాదు. మిషన్ పూర్తిగా చల్లారాక, స్విచ్ ఆపి, ప్లగ్గు క్యాపు లాగి, పై మూత విప్పండి. రంపపు పొట్టు బ్రష్షుతో దులపండి, కానీ వెంటనే పెట్రోలుతో కడిగెయ్యకండి, సాక్ష్యం పోతుంది. సైలెన్సర్ సిలిండర్‌ని తాకే అంచు చుట్టూ చూడండి. లీకున్న చోట నల్లగా, జిడ్డుగా, ఒక వైపుకి నాలుకలా సాగిన మసి ఉంటుంది. దాని ఎదురుగా ఉన్న ప్లాస్టిక్ లోపలి వైపు కూడా చూడండి, గోధుమరంగు మచ్చ ఉంటే అనుమానం అక్కర్లేదు. సైలెన్సర్‌ని చేత్తో పట్టి ఊపండి. కదిలితే వెతుకులాట అక్కడితో అయిపోయింది. కదలకుండా లోపల టకటకమంటే అది లోపలి రేకు ఊడిన సౌండ్, ప్యాకింగ్‌ది కాదు.

మసి పాతదో కొత్తదో తెలియకపోతే సుద్దముక్క వాడతాను. అతుకు చుట్టూ శుభ్రంగా తుడిచి, పెట్రోలు తడి పూర్తిగా ఆరాక, అంచంతా సుద్ద రుద్దుతాను. మూత పెట్టి, కర్రలో కాసేపు కోసి, ఆపి, చల్లారనిచ్చి చూస్తే తెల్లటి సుద్ద మీద బూడిద రంగు చార ఎక్కడ పడిందో అక్కడే లీకు. ఇంకో దారి సబ్బునీళ్లు. చల్లటి మిషన్ మీద, స్విచ్ ఆపేసి, సైలెన్సర్ బయటి కన్నంలో తడిగుడ్డ గట్టిగా కుక్కి, అతుకు చుట్టూ సబ్బునురుగు పూసి, ఒకరు తాడు నెమ్మదిగా లాగుతుంటే ఇంకొకరు బుడగల కోసం చూడాలి. అతుకు దగ్గర కాకుండా డబ్బా కుట్టు దగ్గర బుడగలొస్తే రేకు పగిలిందన్నమాట. పని అవ్వగానే గుడ్డ తియ్యడం మరవకండి.

సైలెన్సర్ విప్పాక చాలామంది చెయ్యని పని ఒకటుంది. పోర్టులోంచి పిస్టన్ కనబడుతుంది. టార్చి వేసి, తాడు కొద్దికొద్దిగా లాగుతూ పిస్టన్ పక్కలు చూడండి. నున్నగా ఉంటే మంచిది. నిలువు గీతలు, అల్యూమినియం చెదిరిన మచ్చలు ఉంటే ప్యాకింగ్ మారిస్తే సరిపోదు, లోపల కథ వేరే ఉంది, దొంగగాలి కోసం వెతకాలి. ఒక్క పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. విప్పిన ప్రతిసారీ కస్టమర్‌కి కూడా చూపిస్తాను, తన మిషన్ ఆరోగ్యం తనకి తెలియాలి కదా. పోర్టు అంచున గట్టి మసి పేరుకుని ఉంటే పిస్టన్‌తో పోర్టు మూసి, చెక్కపుల్లతో గీకాలి, ఇనుముతో వద్దు. ఆ మసికి కారణం తరచుగా పెట్రోలులో కలిపే టూటీ ఆయిల్ ఎక్కువ పొయ్యడమే. "ఎక్కువ పోస్తే ఇంజన్‌కి బలం" అనే నమ్మకం మన దగ్గర గట్టిగా ఉంది. మంచి ఆయిల్‌తో 50కి 1 అని పుస్తకంలో ఉంటే లీటరుకి 20 మిల్లీలీటర్లే, 25కి 1 అంటే 40. మూతలు లెక్కపెట్టకుండా కొలత గ్లాసు కొనుక్కోండి.

ప్యాకింగ్ విషయానికి వస్తే, విప్పిన పాతది మళ్లీ వెయ్యకండి. ఒకసారి నలిగి కాలిన ప్యాకింగ్ రెండోసారి అదే చోట కూర్చోదు. అట్టముక్క కోసి వేస్తారు, అది కాలిపోతుంది. ఎర్ర సిలికాన్ పేస్టుకి డబ్బా మీద రాసుండే వేడి మూడు వందల డిగ్రీల చుట్టుపక్కల. పోర్టు దగ్గర ఉండేది దానికి ఎంతో ఎక్కువ. పేస్టు కొన్నాళ్లు పట్టినట్టే ఉండి, కాలి పొరలుగా లేస్తుంది. బిగించినప్పుడు లోపలి వైపుకి పిండుకొచ్చిన పేస్టు ముక్క పోర్టు నోట్లోనే వేలాడుతుంది. టూ స్ట్రోక్‌లో పొగ బయటికే పోదు, కొంత వెనక్కి కూడా కొడుతుంది, ఆ ముక్క లోపలికి పోతే గీతలు పడేది పిస్టన్‌కే. ఇది చెప్తే తోటి మెకానిక్కులు "ఇన్నాళ్లూ పూస్తున్నాం, ఏమైంది" అంటారు. ఏమైందో మనకి తెలియదు, ఎందుకంటే పిస్టన్ పోయిన మిషన్ మళ్లీ మన దగ్గరికే రాదు, ఆయన ఇంకో షాపుకి పోతాడు.

కొత్త ప్యాకింగ్ వేసే ముందు రెండు మొహాలూ చదునుగా ఉన్నాయో లేదో చూడాలి. వదులు బోల్టుతో చాన్నాళ్లు తిరిగిన సైలెన్సర్ అంచు వంగి ఉంటుంది. అద్దం పలక మీద సన్న ఎమిరీ కాగితం పరిచి, అంచుని దాని మీద గుండ్రంగా రుద్దితే ఎత్తు ఉన్నచోట మెరుపు, పల్లం ఉన్నచోట నలుపు కనబడతాయి. అంతా ఒకేలా మెరిసేదాకా రుద్దాలి. సిలిండర్ మొహాన్ని మాత్రం గ్రైండరుతో ముట్టుకోవద్దు. కొన్ని మిషన్లకి ప్యాకింగ్‌తో పాటు ఒక రేకు ఉంటుంది, వేడిని ప్లాస్టిక్ వైపు రాకుండా మళ్లించేది. అది మిగిలిపోయిన ముక్క అనుకుని డబ్బాలో పడేసే షెడ్లున్నాయి. ఆ రేకు లేకుండా ఎంత కొత్త ప్యాకింగ్ వేసినా మూత కాలుతుంది.

బోల్టు పొడవు చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ సగం లీకులు మళ్లీ రావడానికి కారణం అదే. పాతది పోయిందని దొరికిన బోల్టు వేస్తారు. పొడవు ఎక్కువైతే కన్నం అడుగుకి తగిలి ఆగిపోతుంది. చేతికి బిగిసినట్టే ఉంటుంది, ప్యాకింగ్ మాత్రం నొక్కుకోదు. పొట్టిదైతే రెండు మరల మీదే భారమంతా పడి అల్యూమినియం మర లేచిపోతుంది. నీలం రంగు లాక్ మందు వేశామని ధైర్యపడకండి, నూటయాభై డిగ్రీలు దాటితే ఆ మామూలు మందు పట్టు వదులుతుంది. సరైన పొడవు బోల్టు, శుభ్రమైన మర, రెండు బోల్టులనీ ఒకసారి ఇది, ఒకసారి అది కొంచెం కొంచెంగా బిగించడం, ఇవే కావాలి. పొడవాటి పానాకి పైపు తొడిగి బలం చూపించడం కాదు, చిన్న కీతో మణికట్టు బలం చాలు. చాలా మిషన్లకి కావలసింది టీ27 స్టార్ కీ లేదా ఒక అలెన్ కీ.

మర పోయినా సిలిండర్ పారెయ్యక్కర్లేదు. హెలీకాయిల్ (పోయిన మర చోట కూర్చోబెట్టే తీగ చుట్టల మర) వేస్తే పాత సైజు బోల్టే మళ్లీ పడుతుంది. శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో కాస్త పెద్ద లేత్ షాపులో అడిగితే చేస్తారు. పిస్టన్ పైకి తెచ్చి పోర్టు మూసి, పోర్టులో గుడ్డ పెట్టి, డ్రిల్లు బిట్టుకి గ్రీజు రాసి చెయ్యమనండి, అల్యూమినియం రజను లోపల పడకూడదు. డబ్బా పగిలితే మిషన్ మీద ఉంచి వెల్డింగ్ పెట్టించొద్దు. విప్పి తీసుకెళ్లండి, పక్కన పెట్రోలు ట్యాంకు ఉందని మర్చిపోకూడదు.

ప్యాకింగ్ కోసం పని ఆపితే కూలి పోతుంది అనేది నిజమైన అభ్యంతరం. దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. సరుగుడు లారీ రోడ్డు మీద నిలబడి ఉన్నప్పుడు కోతగాడికి ఒక పూట అంటే చాలా. చిన్న ఊళ్లో ఆ మోడల్ ప్యాకింగ్ దొరకదు, పలాసలో లేకపోతే శ్రీకాకుళం పోవాలి. అందుకే నేను అడిగేది రెండు వైపులా. మిషన్లు అమ్మే షాపులవాళ్లు మిషన్‌తో పాటు రెండు ప్యాకింగులు, ఆ మోడల్‌కి పట్టే కీ డబ్బాలో పెట్టి ఇవ్వాలి. పెట్టకపోతే కొనేటప్పుడే అడిగి తీసుకోండి, బేరంలో చైను ఆయిల్ డబ్బా బదులు ఇవి అడగండి. మెకానిక్కులు, నాతో సహా, ఎక్కువ వచ్చే మోడళ్ల ప్యాకింగులు షెడ్డులో ఉంచాలి. ఇరుసు, బేరింగు, ఫ్యాను బెల్టు ఉంచుతున్నప్పుడు ఇది ఉంచలేమా?

కొత్త ప్యాకింగ్ వేసుకున్నవాళ్లకి చివరగా ఒక పని మిగిలి ఉంటుంది, అది షెడ్డులో అయ్యేది కాదు. మొదటిరోజు కోత అయ్యాక మిషన్ పూర్తిగా చల్లారనివ్వండి. ప్యాకింగ్ ఆ వేడికి నలిగి కూర్చుంటుంది కాబట్టి బోల్టులు కొంచెం తిరుగుతాయి. అప్పుడు ఇంకోసారి బిగించండి, వేడిగా ఉండగా వద్దు. వారం తర్వాత మూత విప్పి అతుకు చుట్టూ తెల్లగుడ్డతో తుడవండి. గుడ్డకి పొట్టు, దుమ్ము తప్ప నల్లటి జిడ్డు అంటకపోతే అప్పుడు, కావాలంటే, కార్బరేటర్ సంగతి మాట్లాడుకోవచ్చు.